బామ్మర్ది పట్టిన తాడు

కరెంటు టవర్లు వాటంతటవే మొలుస్తాయని మనలో చాలామంది అభిప్రాయం. బస్సు కిటికీలోంచి చూస్తాం. పొలాల మీదుగా, గుట్టల మీదుగా బారులు తీరి ఉంటాయి. ఒక మనిషి ఆ కొసదాకా ఎక్కి, గాలిలో నిలబడి, ఒక్కొక్క ఇనప బద్దకీ బోల్టు వేసి బిగిస్తేనే అవి అలా లేచాయన్న సంగతి మన బుర్రకి తట్టదు. ఇంట్లో ఫ్యాను తిరుగుతున్నంతసేపూ తట్టాల్సిన అవసరమూ లేదు. అది ఆగినప్పుడు మాత్రం ఎవర్ని తిట్టాలో మనకి బాగా తెలుసు.

అలా ఎక్కేవాళ్ళలో భద్రయ్య ఒకడు. చర్ల దాటి అడవిలోకి పోతే, తారురోడ్డు అయిపోయి, మట్టిరోడ్డు అయిపోయి, ఆ తరవాత బండిబాట కూడా వాగులోకి దిగి మళ్ళీ పైకి రావడానికి మనసొప్పక ఆగిపోయిన చోట అతని గూడెం. అన్నీ కోయవాళ్ళ ఇళ్ళు. వానాకాలం పోడు వ్యవసాయం, ఎండాకాలం తునికాకు, మధ్యలో ఇప్పపువ్వు, తేనె, దొరికితే కూలి. భద్రయ్య పొట్టి మనిషి. నేల మీద నడుస్తుంటే ఎవరి కంటికీ ఆనడు. సంతలో తోసుకుంటూ పోతారు. బస్సులో సీటు దొరికి కూర్చున్నా, ఎవరో ఒకరు వచ్చి లెమ్మంటారు, అతను లేస్తాడు. అదే మనిషి టవర్ కాలు పట్టుకుని పైకి పోతుంటే కింద ఉన్నవాళ్ళు పని ఆపి మరీ చూసేవాళ్ళు.

ఆ సంగతి అతనికీ తెలుసు. తెలియనట్టు ఉండేవాడు కానీ బాగానే తెలుసు. టవర్ నెత్తిన చివరి బోల్టు బిగించాక వెంటనే దిగేవాడు కాదు. అక్కడే కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని చుట్ట వెలిగించేవాడు. ఒక పక్క గోదావరి ఇసుక, ఒక పక్క ఛత్తీస్‌గఢ్ గుట్టలు, మధ్యలో ఎక్కడో చెట్ల సందున తన గూడెం పొగ. "ఏం కనబడ్తాంది భద్రన్నా?" అని కిందివాళ్ళు కేకేసి అడిగితే, "మీ నెత్తులు" అనేవాడు. గ్యాంగులో అతన్ని టాపుమనిషి అనేవాళ్ళు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కంటే అతనికి ఆ పేరే ఇష్టం. సంతలో తోసేసేవాడికి ఆ పేరు తెలియదు కదా అని మాత్రం అప్పుడప్పుడూ బాధపడేవాడు.

అతన్ని ఈ పనిలోకి తెచ్చింది గ్యాంగు మేస్త్రీ బిచ్యా. తిరుమలాయపాలెం వైపు తండా మనిషి. అడవిలో లైను వేయడానికి కంపెనీ మొదట ఎక్కణ్ణుంచో పనివాళ్ళని దింపింది. పగలు క్యాంపు పోలీసులు ఆపి అడిగే ప్రశ్నలకీ, పొద్దుగూకాక ఇంకెవరైనా వచ్చి అడుగుతారేమోనన్న భయానికీ వాళ్ళు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయారు. మనుషులు దొరక్క తల పట్టుకున్న బిచ్యా ఒకరోజు అడవి దారిన పోతూ ఆగాడు. పెద్ద మద్దిచెట్టు కొసన ఒక మనిషి పొగ పెట్టి తేనెపట్టు కోస్తున్నాడు. అతని నడుముకు కట్టిన తాడు పై కొమ్మ మీదుగా కిందికి దిగింది. కింద ఇంకొకడు ఆ తాడు కొసని తన నడుముకు చుట్టుకుని, మెడ వెనక్కి వాల్చి పైకే చూస్తున్నాడు. బిచ్యా పలకరించినా తల తిప్పలేదు.

"ఎక్కినోడు దిగేదాక నాతోని మాట్లాడకన్నా," అన్నాడంతే.

ఎక్కినవాడు భద్రయ్య. కిందవాడు రమణ, భద్రయ్య భార్య గంగక్కకి తమ్ముడు.

ఆ తాడు సంగతి ఇక్కడ చెప్పాలి. ఆ గూడెంలో తేనెకి ఎక్కేవాడి తాడు ఎవరు పడితే వాళ్ళు పట్టరు. సొంత అన్నదమ్ములు పట్టరు, ప్రాణస్నేహితుడైనా పట్టడు. భార్య తోడబుట్టినవాడే పట్టాలి. వాళ్ళ లెక్క సూటిగా ఉంటుంది. అన్నదమ్ములకి పంపకాల గొడవ ఉంటుంది. స్నేహితుడికి ఇంకో స్నేహితుడు దొరుకుతాడు. తన అక్కో చెల్లెలో మొగుణ్ణి పోగొట్టుకోకూడదనుకునేవాడు మాత్రం తాడు వదలడు. పెళ్ళిలో మిగతా తంతులు ఎన్ని తగ్గించుకున్నా, తాడు ఒక కొస పెళ్ళికొడుకు నడుముకు చుట్టి, రెండో కొస పిల్ల తోడబుట్టినవాడి చేతికిచ్చి ఒక్కసారి గట్టిగా లాగించడం మానరు. భద్రయ్య పెళ్ళినాటికి రమణ ఇంకా నూనూగు మీసాలవాడు. అయినా వాడు లాగిన లాగుడికి పెళ్ళికొడుకు పీట మీంచి బోర్లా పడ్డాడు. గూడెమంతా పడీ పడీ నవ్వింది. పెళ్ళికూతురు కూడా తలొంచుకుని నవ్వింది.

ఒకసారి కోడిపందెం దగ్గర బావాబామ్మర్దులకి మాటామాటా పెరిగింది. కొట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఆ తరవాత తేనె కాలమంతా ఇద్దరి మధ్యా మాటల్లేవు. అయినా భద్రయ్య చెట్టు దగ్గరికి పోయేసరికి రమణ తాడు భుజాన వేసుకుని ముందే వచ్చి నిలబడి ఉండేవాడు. ఏమీ మాట్లాడకుండా కట్టేవాడు, ఏమీ మాట్లాడకుండా పట్టేవాడు, దిగాక ఏమీ మాట్లాడకుండానే చుట్టుకుని పోయేవాడు. చివరికి గంగక్కే ఇద్దర్నీ ఒక విస్తరి దగ్గర కూర్చోబెట్టి తిట్టి కలిపింది.

బిచ్యా ఇద్దర్నీ పనిలోకి రమ్మన్నాడు. భద్రయ్య పెట్టిన షరతు ఒక్కటే.

"నా తాడు నా బామ్మర్దే పట్టాలె."

బిచ్యా నవ్వాడు. టవర్ పనిలో అలాంటి తాడు ఉండదు. సేఫ్టీ బెల్టు ఉంటుంది, దానికి రెండు హుక్కులుంటాయి. ఒకటి తీసి పైన తగిలించి, ఆ తరవాతే రెండోది తీయాలి. అలా ఎప్పుడూ ఒక్కటైనా ఇనుముని పట్టుకుని ఉండేలా ఎక్కితే మనిషి పడడు, కింద ఎవడూ ఏ తాడూ పట్టక్కర్లేదు. ఇదంతా బిచ్యా వివరంగా చెప్పాడు. భద్రయ్య శ్రద్ధగా విన్నాడు. విని, "మంచిగున్నదన్నా. తాడు మాత్రం రమణనే పట్టుకుంటడు" అన్నాడు. మనుషులు దొరకని చోట మేస్త్రీ ఎంతకని వాదిస్తాడు? మీ మొక్కు మీదని వదిలేశాడు.

అలా ఆ గ్యాంగులో ఒక వింత అలవాటు స్థిరపడింది. కింద మిగతావాళ్ళంతా ఇనుము మోస్తూ, తాళ్ళు కడుతూ, లాగుతూ తిరుగుతుంటే, రమణ ఒక్కడు టవర్ కాలికి కాస్త ఎడంగా నిలబడి పొద్దంతా ఆకాశంలోకి చూస్తుండేవాడు. బావ తన నెత్తి మీది బద్ద మీదుగా వేసుకుపోయే తాడుని, అతను ఎక్కితే లాక్కుంటాడు, పక్కకి జరిగితే కొంచెం వదులుతాడు. "ఏంది రమణా, మేకను మేపుతున్నవా?" అని ఎగతాళి చేసేవాళ్ళు. "అవ్, మా అక్క మేక," అనేవాడు కళ్ళు దించకుండానే. పెళ్ళెప్పుడు చేసుకుంటావని అడిగితే, "పొద్దంతా మా బావను చూసేటోనికి పిల్లనెవరిస్తరు" అనేవాడు. సాయంత్రానికి మెడ పట్టేసేది. భద్రయ్య ఇప్పనూనె వెచ్చచేసి రుద్దేవాడు. గ్యాంగు ముందు బామ్మర్దితో మెత్తగా మాట్లాడే మనిషి కాదు కాబట్టి, రుద్దుతూ ఏదో ఒకటి తిట్టేవాడు.

ఇక ఆ హుక్కుల సంగతి. బెల్టు లేనివాణ్ణి సేఫ్టీ ఇంజనీరు టవర్ దగ్గరికే రానీయడు కనక భద్రయ్య బెల్టు పెట్టుకునేవాడు. హుక్కులు మాత్రం తగిలించేవాడు కాదు. రెండూ నడుము వెనక వేలాడుతుండేవి. వాటిని తోకలనేవాడు. తగిలించుకుంటూ, తీసుకుంటూ పాకితే ఎప్పటికి ఎక్కాలి? అదీకాక, హుక్కు వేసుకున్నవాడు భయపడ్డట్టని అతని లెక్క. భయపడ్డాక ఇంకా టాపుమనిషేమిటి? "కింద బామ్మర్ది ఉండంగ నాకు తోకలెందుకు" అని నలుగురూ వినేలా అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా రమణ ఛాతీ పొంగేది. ఇద్దరూ అలా ఒకరి గొప్పని ఒకరు మోసుకుంటూ తిరిగారు, ఏళ్ళ తరబడి. ఏమీ కాలేదు. ఏదైనా చిన్నది, ఒక కాలో చెయ్యో విరిగేటంతటిది, అప్పుడే అయి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది. దేవుడు అలాంటి చోట్ల పొదుపు పాటించడు.

గంగక్కకి భయం లేదని కాదు. తమ్ముడు తాడు పట్టాడన్న ధైర్యం ఆ భయం మీద మూతలా ఉండేది. పోయిన చలికాలంలో ఆ మూత లేచిపోయింది. ఇంకో లైను గ్యాంగులో శ్రీను అని పెనుబల్లి మనిషి పైనుంచి జారిపోయాడు. హుక్కు తగిలించుకోలేదు. దవాఖానాకి తీసుకుపోతున్న బండి చర్లలో ఆగినప్పుడు సంతకి వచ్చిన గంగక్క అందులోకి చూసింది. ఏం చూసిందో ఎవరికీ చెప్పలేదు. ఏమీ కొనకుండా ఖాళీ సంచితో ఇంటికి పోయింది.

భద్రయ్య ఇంటికి వచ్చిన రోజు ఆమె అన్నం పెట్టలేదు. కూతురు శ్యామలని పిలిచి అతని ముందు నిలబెట్టింది. ఆ పిల్ల అప్పుడప్పుడే బడికి పోతోంది.

"బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టు," అంది.

"ఎందుకే?"

"పెట్టు. హుక్కు ఏసుకోకుండ ఎక్కనని చెప్పు."

"కింద నీ తమ్ముడు ఉండంగ..."

"నా తమ్ముడు మనిషి. వానికి తుమ్ము రాదా? కంట్ల నలుసు పడదా? ఒట్టెయ్యి."

భద్రయ్య నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. వాళ్ళలో బిడ్డ తల మీద ఒట్టంటే మాటవరసకి వేసేది కాదు. ఒట్టు తప్పిన పాపం వేసినవాడికి కాదు, ఆ బిడ్డకే తగులుతుందని నమ్మకం. అతను చెయ్యి పెట్టాడు. శ్యామలకి చక్కిలిగింత పుట్టి మెడ ముడుచుకుని నవ్వింది. అతను చెప్పాల్సిన మాట చెప్పాడు. అప్పుడు పెట్టింది గంగక్క అన్నం.

ఈ ఒట్టు సంగతి రమణకి తెలియదు. వాడు అప్పటికే బిచ్యాతో కలిసి సామాను వెంట గోదావరి ఒడ్డుకి వెళ్ళాడు.

అక్కడ లేపుతున్నది ఏరు దాటించే టవరు. మామూలు టవర్లు దాని ముందు పిల్లల్లా ఉంటాయి. ఏటికి ఇవతలొకటి, అవతలొకటి లేపి, నీళ్ళ మీదుగా వైర్లు లాగాలి. భద్రయ్య ఎక్కినవాటిలో అంత ఎత్తైనది ఇంకొకటి లేదు. దాని నెత్తిన కూర్చుని చుట్ట కాల్చాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాడు. శ్యామలతో చెప్పాడు కూడా, "నువ్వు మన గుట్ట మీదికెక్కి చూస్తే నాయన కనబడ్తడు" అని. కనబడడు, అంత దూరం ఎవరికీ కనబడదు. ఆ పిల్ల మాత్రం నమ్మింది.

ఆ టవరు మొదటిసారి ఎక్కబోయే పొద్దున టీ తాగుతున్నప్పుడు భద్రయ్య ఒట్టు సంగతి రమణతో చెబుదామనుకున్నాడు. నోటిదాకా వచ్చింది. కానీ చుట్టూ గ్యాంగంతా ఉంది. ఇన్నేళ్ళూ తోకలని వెక్కిరించినవాడు, మీ అక్కకి భయపడి ఇవాళ్టి నుంచి ఆ తోకలే పట్టుకుని ఎక్కుతున్నానని ఎలా చెప్పడం? వాళ్ళు నవ్వితే ఆ నవ్వు ఎన్నాళ్ళు మొయ్యాలి? సాయంత్రం మెడకు నూనె రుద్దేటప్పుడు ఇద్దరమే ఉంటాం కదా, అప్పుడు చెప్పొచ్చులే అనుకున్నాడు.

రమణ ఎప్పటిలాగే తాడు కట్టాడు. భద్రయ్య టవర్ కాలికి లోపలి వైపు తిరిగి, ఎవరికీ కనబడకుండా మొదటి హుక్కు తగిలించాడు. అక్కణ్ణుంచి ఒట్టు ప్రకారమే ఎక్కాడు. ఒకటి తీస్తూ, ఒకటి తగిలిస్తూ. అలవాటు లేని పని, నిదానంగా సాగింది. చేతిలో తాడు ఎప్పటి వేగంతో కదలకపోయేసరికి రమణకి అనుమానం వచ్చింది.

"ఏంది బావా, గింత నిదానం?" అని కేకేశాడు.

"మోకాలు గుంజుతాంది," అని బదులిచ్చాడు భద్రయ్య.

ఎంత చిన్న అబద్ధమో చూడండి. అలాంటివి మనం రోజుకి ఎన్ని ఆడతామో లెక్కే ఉండదు. మనవి ఎవరినీ చంపవు, అంతే తేడా. రమణ నమ్మాడు. బావ కాలు ఎక్కడ పట్టు తప్పుతుందోనని తాడుని నడుముకి ఇంకో చుట్టు బిగించుకున్నాడు.

అన్నాలకి ఇంకాసేపు ఉందనగా ఇనుము లాగే ఇంకో తాడు మీద ఒక పెద్ద ఇనప బద్ద పైకి వచ్చింది. మనిషికి రెండింతల పొడవు. భద్రయ్య దాని ఒక కొసని టవర్‌కి ఆనించి బోల్టు దూర్చాడు. నట్టు ఇంకా వేయలేదు. మామూలుగా అయితే బద్దని కట్టిన ముడి వదులుచేసి, అదే ఊపులో నట్టు తిప్పేసి, రెండో కొసకి పాకిపోతాడు. ఎన్ని వందలసార్లు చేశాడో. ముడి వదులుచేశాడు. నట్టు కోసం ముందుకి వంగితే నడుము వెనక హుక్కు పట్టి లాగింది. ముందు దీన్ని మార్చుకుందామని చెయ్యి వెనక్కి పోనిచ్చాడు. ఏటి మీంచి గాలి కొట్టింది. బద్ద కొంచెం తిరిగింది. బోల్టు రంధ్రంలోంచి జారింది. అతని వేళ్ళు ఇనుముకి తగిలాయి కానీ పట్టుకోలేకపోయాయి.

కింద, కింద అని అరిచాడు.

టవర్ పనిలో ఆ కేక వినబడితే ఎవరూ పైకి చూడరు, ముందు పరుగెడతారు. అందరూ పరుగెత్తారు. రమణ ఒక్కడే కదల్లేదు. పరుగెత్తాలంటే తాడు వదలాలి. తాడు వదిలితే, వాడికి తెలిసినంతలో, మోకాలి నొప్పితో హుక్కు లేకుండా పైన నిలబడ్డ బావ ఆ ఇనుము వెంటే జారిపోతాడు. పడుతున్న ఇనుముని రమణ చూశాడు. వాడు చూడటం భద్రయ్య పైనుంచి చూశాడు. తరవాత రమణ ఇనుము మీంచి చూపు తీసేసి, తాడుని రెండు చేతులతో పొట్టకి అదుముకుని, నేల మీద కూలబడి, మడమలు మట్టిలోకి తన్నిపెట్టాడు. తేనెచెట్టు కింద, పైవాడు జారినప్పుడు, అలాగే కూర్చుంటారు.

"ఇడువు రమణా, నాకు హుక్కున్నది, ఇడువు," అని భద్రయ్య వాళ్ళ కోయ మాటలో అరిచాడు. ఆ అరుపు ఎంతదూరం పోయిందో తెలియదు. నడుము దగ్గర తాడు ఒక్కసారి గట్టిగా బిగిసింది. తరవాత వదులైపోయింది.

భద్రయ్య తనంతట తాను దిగలేకపోయాడు. బిచ్యా అంత పెద్ద వయసులోనూ రొప్పుకుంటూ ఎక్కి వచ్చాడు. టవర్‌ని కావలించుకుని ఉన్న మనిషి వేళ్ళని ఒక్కొక్కటే విప్పాడు. దింపడానికి నడుము దగ్గర చెయ్యి పెట్టి ఆగిపోయాడు. రెండు హుక్కులూ ఇనుముకే ఉన్నాయి.

"హుక్కులేసుకున్నవారా?" అన్నాడు. కాసేపటికి, "వానికి తెల్వదా?" అన్నాడు.

బిచ్యా ఆ హుక్కులు ఒక్కొక్కటే విప్పి అతన్ని దింపాడు.

రమణని వాగుదాకా బండిలో, అక్కణ్ణుంచి మంచం మీద గూడేనికి మోసుకుపోయారు. కంపెనీ వాళ్ళు వచ్చారు, చేతులు కట్టుకుని కాసేపు నిలబడ్డారు, దారి బాగాలేదని చెప్పుకుంటూ పొద్దుండగానే వెళ్ళిపోయారు. రమణ తల్లి ఆదెమ్మ ఏడవలేదు. ఆమెకి అసలు సంగతి తలకెక్కలేదు. అల్లుడు ఎక్కేవాడు, కొడుకు కింద నిలబడేవాడు. ఇన్నేళ్ళూ ఆమె భయమంతా అల్లుడి కోసమే. వచ్చిన ప్రతివాణ్ణీ ఒకటే అడిగింది.

"నా కొడుకు పైకెక్కనోడు గద. నేల మీద నిలబడ్డోడు ఎట్ల పోయిండు?"

ఆమె ముద్ద ముట్టలేదు, మంచినీళ్ళు కూడా బలవంతాన పోస్తే తాగింది. ఇలా అయితే తల్లి కూడా దక్కదని గూడెమంతా అనుకుంటున్నప్పుడు, ఊరి పెద్ద వచ్చి ఆమె పక్కన కింద కూర్చున్నాడు.

"తాడు ఇడువలేదమ్మా నీ కొడుకు," అన్నాడు. "అందరు ఉరికిన్రు. వాడు ఉరకలే. ఉరికితే నీ అల్లుడు పోతుండె. నీ బిడ్డ బతుకు నిలబెట్టి పోయిండు."

ఆదెమ్మ ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. తరవాత గొంతెత్తి ఏడ్చింది. ఆ సాయంత్రం ఇంత జావ తాగింది. చుట్టుపక్కల గూడేల నుంచి మనుషులు వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని, తాడు వదలనివాడి తల్లివమ్మా నువ్వు అని చెప్పి పోయేవాళ్ళు. ఆ మాట విన్న ప్రతిసారీ ఆమె నడుం కొంచెం నిటారయ్యేది. గంగక్క కూడా ఆ మాట పట్టుకునే లేచి తిరుగుతోంది. భద్రయ్య నడుం మీద తాడు బిగిసినచోట నల్లగా కమిలింది. ఒకరోజు ఆమె దానికి పసుపు రాస్తూ, "వాడు చివరికి పట్టింది ఇక్కడనే" అని చెయ్యి అక్కడే ఉంచేసింది.

భద్రయ్యకి ప్రాణం పోయినట్టయింది. వాళ్ళు చెప్పుకునే కథలో తన ప్రాణం ఉంది, రమణ గొప్ప ఉంది, లేనిదల్లా నిజం. పైన తను రెండు హుక్కుల మీద భద్రంగా ఉన్నాడు. రమణ తాడు వదిలి పక్కకి దూకినా ఎవరికీ ఏమీ అయ్యేది కాదు. ఈపాటికి ఇప్పపువ్వు ఏరడానికి పోయి, చెట్టుకింద పడి నిద్రపోతూ అక్క చేత తిట్లు తింటుండేవాడు. టీ తాగేటప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. నలుగురు నవ్వుతారని చెప్పలేదు.

దినాలకి బిచ్యా వచ్చాడు. ఇద్దరూ వాగు ఒడ్డున కూర్చున్నారు.

"నేను ఎవ్వరికి చెప్పలె," అన్నాడు బిచ్యా. "నా నోట రాదు గూడ. చెప్పుకుంటవో లేదో నీ ఇష్టం."

"చెప్తనన్నా. గంగికి చెప్పాలె. నన్ను చూసి బువ్వ పెడ్తాంటే ముద్ద దిగుతలేదు."

"చెప్తే ఆ ముసలమ్మకు ఏం మిగులుతదో అది గూడ చూసుకో," అన్నాడు బిచ్యా లేస్తూ.

మర్నాడు పొద్దున భద్రయ్య చెప్పడానికే వచ్చాడు. వాకిట్లో గంగక్క ఇప్పపువ్వు ఎండకి పరుస్తోంది. పక్కన నీడలో ఆదెమ్మ పువ్వులో ఆకూ అలమూ ఏరుతోంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అతను గుంజకి ఆనుకుని నిలబడ్డాడు. గంగక్కే తలెత్తింది.

"ఒకటి అడుగుత. నాకు అబద్ధం చెప్పకు," అంది.

"అడుగు."

"ఆ పొద్దు హుక్కు ఏసుకున్నవా?"

ఆమె అది ఎన్నాళ్ళ నుంచి లోపల పెట్టుకుని తిరుగుతోందో ఆ గొంతులోనే తెలిసింది. వేసుకున్నానంటే బిడ్డ తల మీద ఒట్టు నిలబడుతుంది, తమ్ముడు ఊరికే పోయినవాడవుతాడు. వేసుకోలేదంటే తమ్ముడి చావుకి ఒక విలువ ఉంటుంది, మొగుడు బిడ్డ ప్రాణం మీద ఒట్టు వేసి తప్పినవాడవుతాడు. ఈ రెంటిలో ఏది కావాలో ఆమెకే తెలియదు. అయినా అడిగింది.

నీడలో ఆదెమ్మ చేతులు ఆగిపోయాయి. ముసలామె తల ఎత్తలేదు కానీ, పువ్వుల మీద చేతులు అలాగే ఉంచి వింటోంది.

ఏసుకున్న అని చెప్పడానికే వచ్చాడు భద్రయ్య. అది నిజం. ఆ ఒక్క విషయంలోనైనా అతను తప్పు చేయలేదు. ఆ మాట చెబితే భార్య ముందు ఆ మాత్రం తల ఎత్తుకుని నిలబడొచ్చు. అతను ఆదెమ్మ చేతుల వైపు చూశాడు.

"లేదు," అన్నాడు.

ఆదెమ్మ చేతులు మెల్లగా కదిలాయి. మళ్ళీ ఆకులు ఏరడం మొదలుపెట్టింది.

"అయితే వాడు ఊకెనే పోలె," అంది గంగక్క. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కూర్చుండిపోయి ఏడ్చింది. తమ్ముడు పోయిన నాటి నుంచి ఆమె అంత తనివితీరా ఏడవడం అదే మొదలు. భద్రయ్య దగ్గరికి పోలేదు. ఆమె కళ్ళు తుడుచుకుని తల ఎత్తినప్పుడు ఆ మొహం వేరేగా ఉంది.

"బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి చెప్పినవ్ గద," అంది.

"అవ్."

"నీకు నీ గొప్పే ఎక్కువైంది."

"అవ్."

"పోయిన వారం దానికి జరమొచ్చి పడ్డది. ఎందుకొచ్చిందో నాకు ఇప్పుడు తెలిసింది." ఆమె గొంతు పెరగలేదు. "ఇగ దాన్ని ముట్టకు. నా తమ్ముడు నిన్ను నాకిచ్చి పోయిండు, ఉండు. తిను, పండు. నీ చెయ్యి మాత్రం నా బిడ్డ మీద పడొద్దు."

"ముట్ట," అన్నాడు భద్రయ్య.

గంగక్క లేచి మళ్ళీ పువ్వు పరచడం మొదలుపెట్టింది. అతను గుంజ దగ్గర నుంచి కదల్లేదు. కాసేపటికి గుట్ట వైపు నుంచి శ్యామల పరుగెత్తుకుంటూ వచ్చింది. వస్తూనే ఎప్పటిలాగే రెండు చేతులూ పైకెత్తి, నాయనా ఎత్తుకో అంది. భద్రయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఆ పిల్ల ఒక క్షణం ఆగి చూసింది. ఆట అనుకుంది. నవ్వుతూ ఆ చేతుల కోసం అతని వెనక్కి తిరిగింది. అతను ఇటు తిరిగాడు. ఆ పిల్ల మళ్ళీ అటు తిరిగింది, అతను మళ్ళీ తిరిగాడు. గంగక్క పువ్వు పరచడం ఆపి చూస్తోంది. శ్యామల పకపకా నవ్వుతూ అతని చుట్టూ తిరుగుతూనే ఉంది.